వంటయింటి విచారణ: అంగడి మయోనైజు, పేరుమోసిన మయోనైజు

ఈ మాసము మేమొక తప్పు నొప్పుకొని గాని విషయములోనికి దిగలేకున్నాము. వేసవిలో ఆకుకూరలను నిలువ చేయుటను గూర్చి వ్రాయుదుమని క్రిందటి మాసమున మాట యిచ్చితిమి. ఆ మాటను వచ్చు మాసమునకు వాయిదా వేయుచున్నాము. సోదరీమణులు మన్నింతురు గాక.

జరిగినది యిది. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పరీక్షలు ముగిసిన నాటి సాయంకాలము దాని స్నేహితురాండ్రు నలుగురు మా యింటికి వచ్చుట నిశ్చయమైనది. పులిహోరయు గారెలును చేసెదమనగా అమ్మాయి మొగము ముడుచుకొన్నది. ఇప్పటి పిల్లలకు రొట్టెముక్కల నడుమ కీరదోసకాయయు క్యారెట్టు తురుమును మయోనైజును పెట్టి యిచ్చిననే పండుగ. సరే యంటిమి. అంతట నన్ను ప్రక్కకు పిలిచి, "అమ్మా, మయోనైజు మాత్రము మంచి బ్రాండుదే తెప్పించవే. మన యింట నున్నది పెట్టవద్దు" అని చెవిలో చెప్పినది.

మన యింట నున్నది మేము నెలసరకులు తెచ్చుకొను పెద్ద అంగడివారు తమ పేరు వేసికొని అమ్మునట్టిది. 250 గ్రాముల సీసా 65 రూపాయలు. అమ్మాయి కోరినది, ప్రకటనలలో నిత్యము కనబడునట్టిది, అంతే తూకము 95 రూపాయలు. అది నెల చివరి వారము. బడిపంతులుగారి యింట నెల చివరి వారమున 30 రూపాయలకు గల గౌరవము మొదటి వారమున 300 రూపాయలకు కూడ ఉండదని మావంటి వారందరు నెరుగుదురు.

పూర్వ మొక పుట్టినదినమునకు కొని ఖాళీ చేసిన ఆ గొప్ప బ్రాండు సీసాను పోపుగింజలకు పనికివచ్చునని దాచియుంటిమి. దానిని వేడినీట కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, అంగడి సీసాలోని దానిని చెంచాతో అందులోనికి మార్చి, మూత బిగించి, బల్ల నడుమ పెట్టితిమి. చేయునపుడు మాకేమియు తోచలేదు. చేతులు వాటంతట అవియే చేసినట్లుండెను.

పిల్లలు వచ్చిరి, తినిరి, ఇల్లు కూలునట్లు నవ్విరి. అందొక పిల్ల వ్రేలికంటిన దానిని నాకి, "ఈ బ్రాండు రుచియే వేరు, ఆంటీ! మా అమ్మ ఏదో అంగడిది తెచ్చును. నోట పెట్టలేము" అన్నది. మేము వంటయింటిలోనికి పోయి లేని పని యొకటి కల్పించుకొంటిమి.

రాత్రి చెత్తబుట్టలో అంగడి సీసా మా అమ్మాయి కంటబడినది. కేకలు వేయుననుకొంటిమి. వేయలేదు. "అమ్మా, రెండును ఒకటే యైనచో దాచనేల? ఒకటి కానిచో మాకు రోజును అది పెట్టనేల?" అని మెల్లగా అడిగి పండుకొన్నది. మా తండ్రిగారి యొద్ద కూర్చుండి పంచకావ్యములను చదువుకొన్నవారమే గాని, ఆ ప్రశ్నకు ఇటునుండి గాని అటునుండి గాని మాకు ఉత్తరము దొరకలేదు. అందుచేత ముందు ఆ రెండును ఒకటియా కాదా యని తేల్చుకొనుటకు పూనుకొంటిమి. మరుసటి నెల మొదటి తేదీన రెండు సీసాలను కొని తెచ్చితిమి.

మయోనైజు అనగా నేమో యెరుగని పెద్దవారి కొరకు నాలుగు మాటలు చెప్పెదము. నూనెయు నీరును కలియవు గదా. కోడిగ్రుడ్డు పచ్చసొనలో లెసితిన్ అను పదార్థము కలదు. దానికి ఒక ప్రక్క నూనెతోను ఒక ప్రక్క నీటితోను చెలిమి. పచ్చసొనలో నిమ్మరసమో, సిర్కాయో, కొంచెము ఆవపిండియో వేసి, నూనెను మొదట చుక్కచుక్కగా పోయుచు విడువక చిలికినచో, ఆ నూనె కంటికి కానరాని బిందువులుగా చీలి, మరల ఒకదానితో నొకటి కూడకుండ లెసితిన్ అడ్డుపడగా, వెన్నవలె చిక్కబడి నిలుచును. తొందరపడి నూనెను కుమ్మరించితిమా, విరిగి నూనె పైకి తేలును. పచ్చసొన, పులుపు, నూనె యను నీ మూడే దీని ప్రాణములు. ఐరోపా వంటయిండ్లలో పుట్టిన వస్తువు.

మన దేశమున సీసాలలో అమ్ముదానిలో చాలభాగము గ్రుడ్డు లేనిది. పచ్చసొన చేయు పనిని పాలపొడియో సోయా మాంసకృత్తులో చేయును. చిక్కదనమునకు పిండిపదార్థమును, జాంథన్ గమ్ అను బంకను వేయుదురు. మా అత్తగారు గ్రుడ్డు ముట్టరు గనుక మా యింటికి వచ్చిన రెండు సీసాలపైనను ఆకుపచ్చ చుక్క యున్నది. ఆ చుక్క లేకున్నచో ఆమె వంటయింటి గడప దాటనీయరు.

బజారులో మోమోలకును షవర్మాలకును ప్రక్కన గిన్నెలో పోసి యిచ్చు మయోనైజు సంగతి వేరు. పచ్చిగ్రుడ్డుతో చేసి వేడికి బయట నుంచినచో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి అందులో పెరుగును. వాంతులు, విరేచనములు, జ్వరము కలుగును. పసివాండ్రకును వృద్ధులకును ప్రాణము మీదికి వచ్చును. కేరళ ప్రభుత్వము 2023 జనవరిలో పచ్చిగ్రుడ్డు మయోనైజును నిషేధించినది. హైదరాబాదులో మోమోలు తిని పలువురు జబ్బుపడి ఒక స్త్రీ మరణించిన పిమ్మట, తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30వ తేదీన దాని తయారీని, నిలువను, అమ్మకమును ఒక సంవత్సరము పాటు నిషేధించినది. 2025 ఏప్రిల్ లో తమిళనాడు ప్రభుత్వమును ఏడాదికి అట్లే ఆజ్ఞాపించినది. కావున అంగడి బ్రాండా, గొప్ప బ్రాండా యను మా చర్చ యంతయు ముద్రవేసిన సీసాలను గూర్చినది. మూతలేని గిన్నెను గూర్చి చర్చయే లేదు.

అంగడివాడు తన పేరు వేసికొని అమ్ముట క్రొత్త సంగతి కాదు. ఇప్పుడు మహా బ్రాండుగా పేరుమోసిన హెల్మన్స్ మయోనైజు పుట్టినదే అంగడి బల్లపై. జర్మనీ నుండి అమెరికా పోయిన రిచర్డ్ హెల్మన్ అనునాతడు 1905లో న్యూయార్కు నగరమున తినుబండారముల అంగడి తెరచి, అచ్చట అమ్ము వంటకములలో తన మయోనైజును వాడుచుండెను. అడిగిన వారికి దానినే విడిగా కొలిచి యిచ్చెడివాడట. రెండు విధముల మయోనైజు నుంచి, ఒకదానిని గుర్తు పట్టుటకు నీలి రిబ్బను కట్టెను. అందరును ఆ రిబ్బనుదానినే అడుగసాగిరి. 1912 నాటికి దానిని సీసాలలో నింపి యమ్మెను. ఆ నీలి రిబ్బను నేటికిని ఆ సీసా చీటీపై నున్నది.

ఆడువారు చదువు పత్రిక గనుక యూజీనియా డ్యూక్ సంగతియు చెప్పకుండ ముందునకు పోలేము. ఈమె అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రమందలి గ్రీన్ విల్ పట్టణపు గృహిణి. 1917లో, మొదటి మహాయుద్ధ కాలమున, ఆ యూరి చెంతనున్న సైనిక శిబిరములో సిపాయిలకు రొట్టెలు చేసి యమ్మెను. రొట్టెలకంటె వానిలోని మయోనైజు మిక్కిలి పేరుపడినది. కొంతకాలమునకు రొట్టెలు విడిచి మయోనైజునే సీసాలకెత్తి, 1929లో ఆ వ్యాపారమును సాయర్ అను సంస్థకు విక్రయించినది. డ్యూక్స్ అను ఆమె యింటిపేరు నేటికిని సీసాలపై నున్నది. అందులో చక్కెర వేయకుండుట దాని గొప్పగా చెప్పుకొందురు. పేరుమోసిన సీసాలన్నిటి వెనుకను ఎప్పుడో ఒక నాడు పేరులేని వంటయిల్లొకటి యుండియే తీరును.

మరియొక చిత్రము. అదే హెల్మన్స్ సంస్థ సరకు అమెరికాలో తూర్పుభాగమున హెల్మన్స్ అనియు, రాకీ పర్వతములకు పడమట బెస్ట్ ఫుడ్స్ అనియు అమ్ముడగును. 1932లో రెండును ఒక్క యాజమాన్యము క్రిందికి వచ్చెను. ఏ ప్రాంతమున ఏ పేరు వేరూనినదో ఆ ప్రాంతమున ఆ పేరే యుంచిరి. పేరెంతటి వ్యాపార రహస్యమో దీనివలన తెలియుచున్నది.

ఇక మా బల్లపై ప్రక్కప్రక్కన నిలిచిన రెండు సీసాలను చూడగా మాకు దమయంతీ స్వయంవరము జ్ఞప్తికి వచ్చినది. ఒకే రూపముతో అయిదుగురు నలులు కూర్చుండగా ఆ బాల యేమి చేసినది? మొగములను చూచి యెంచుకొనలేదు. రెప్పపాటును, చెమటను, దండ వాడుటను, పాదము నేలనంటుటను చూచి తన నలుని పోల్చుకొన్నది. సీసాలకును అట్టి గుర్తులు కలవు. అయితే అవి ముందు వైపున నుండవు. ముందు వైపున నుండునవి గడ్డపెరుగువలె మెరయు బొమ్మయు, పెద్ద యక్షరములును మాత్రమే. సీసాను వెనుకకు త్రిప్పి, కండ్లజోడు పెట్టుకొని చదువవలెను. ఆ యక్షరములు చీమతలలంత యుండుటకు కారణమేమో వేయువారికే తెలియవలయును.

మొదటి గుర్తు పదార్థముల వరుస. ఏది తూకమున ఎక్కువయో దానిని ముందు వ్రాయవలెనని నియమము. గొప్ప సీసాపై మొదట నూనె, పిదప నీరు. అంగడి సీసాపై మొదట నీరు, పిదప నూనె. ఈ యొక్క ముక్క చదువుటతోనే మాకు సగము సంగతి తెలిసినది. అంగడిదానిలో పిండిపదార్థమును చక్కెరయు ముందు వరుసలలోనే యున్నవి. గొప్పదానిలో అవి యున్నను వెనుకబడి యున్నవి. నిలువయుండుటకు వేయు మందులు, ఐఎన్ఎస్ 211, ఐఎన్ఎస్ 202 అని అంకెలతో సూచింపబడునవి, రెండింటను ఉన్నవి. 211 అనగా సోడియం బెంజోయేటు, 202 అనగా పొటాషియం సోర్బేటు. మితముగా వాడుటకు చట్టమున అనుమతి గలవే. గొప్ప బ్రాండైనందున అవి యుండవని మేము తలంచియుంటిమి. ఆ భ్రమ తీరినది.

రెండవ గుర్తు పోషక విలువల పట్టిక. 100 గ్రాములకు క్రొవ్వు గొప్పదానిలో 48 గ్రాములు, అంగడిదానిలో 32 గ్రాములు. ఇచ్చట ఒక నవ్వు పుట్టించు సంగతి చెప్పెదము. అమెరికా చట్టము ప్రకారము మయోనైజు అని పిలిపించుకొనవలెనన్న తూకములో నూటికి 65 పాళ్లకు తక్కువ కాకుండ నూనె యుండవలెను. గ్రుడ్డు పచ్చసొనయు ఉండి తీరవలెను. ఆ దేశపు కొలబద్దతో కొలిచినచో మా బల్లపై నున్న రెండింటిలో ఏదియు మయోనైజు కాదు! మన దేశమున గ్రుడ్డు లేనిదని వ్రాసి యమ్మవచ్చును గనుక వారి తప్పేమియు లేదు. కాని పేరుకొరకు 30 రూపాయలు ఎక్కువ యిచ్చువారు, ఆ పేరే వేరొక దేశమున చెల్లదని తెలిసికొనుట మంచిది.

మూడవ గుర్తు తయారు చేసిన వారి పేరు. అంగడి సీసాపై అమ్మువారు అంగడివారైనను, తయారు చేసినవారు వేరొక రాష్ట్రమందలి వేరొక కర్మాగారమువారు. అంగడివారికి మయోనైజు చిలుకు కవ్వము లేదు, పేరు మాత్రమే వారిది. ఆహార భద్రతా సంస్థవారు ఇచ్చు 14 అంకెల లైసెన్సు సంఖ్య సీసాపై నుండవలెను. దానిని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అను యాప్ లో వేసి చూచినచో అది యెవరిదో, చెల్లుచున్నదో లేదో తెలియును. మా అమ్మాయియే చూచి చెప్పినది. కొన్ని యెడల గొప్ప బ్రాండుకును అంగడి బ్రాండుకును ఒక్క కర్మాగారమే తయారు చేయుట కలదు. దానిని చూచి "రెండును ఒకటే, మోసపోతిమి" అని కొందరు తీర్మానింతురు. అది తొందరపాటు. ఒకే మగ్గముపై నేతగాడు సాదా చీరయు నేయును, జరీచీరయు నేయును. మగ్గమొకటే యైనంత మాత్రమున చీర యొకటి కాదు. ఎవరు నేసిరో చూచిన పిమ్మటనైనను నూలు నెంచవలసినదే. అనగా మరల పదార్థముల వరుసయొద్దకే రావలెను.

"ఆలివు నూనెతో" అని ముందు వైపున వ్రాసిన సీసాలు కలవు. వెనుకకు త్రిప్పి చూచినచో పలుమారు వేరొక నూనె ముందుండి, ఆలివు నూనె శాతము చిన్నదిగా కనబడును. పెండ్లి పిలుపులో పెద్దల పేర్లు వేసినట్లే యిదియు.

ఇక లెక్క. మా వారు బడిలో లెక్కలు చెప్పుదురు. దిద్దుచున్న కాగితముల ప్రక్కన సీసాలను పెట్టి, "వీనిని కూడ దిద్దుడు" అంటిమి. ఇప్పుడు సీసాలపై గ్రామునకు ఇంత యని కూడ ధర వేయుచున్నారు. ఒకటి 26 పైసలు, ఒకటి 38 పైసలు. మా వారు అచ్చట ఆగక, రూపాయికి వచ్చు క్రొవ్వెంతయో లెక్క కట్టిరి. గొప్ప సీసాలో మొత్తము 120 గ్రాములు, వెల 95 రూపాయలు. అంగడి సీసాలో 80 గ్రాములు, వెల 65 రూపాయలు. రూపాయికి గ్రామున్నర కూడ లేదు. రెండింటను ఇంచుమించు గ్రాముంబావు. అనగా అంగడి సీసా చౌక కాదు. తక్కువ నూనె, తక్కువ వెల. అంతే!

మేము సంతోషించి, "ఐనచో గొప్పదే కొనవచ్చును" అంటిమి. మా వారు నవ్వి, కాగితము రెండవ ప్రక్కకు త్రిప్పిరి. ఆ యెక్కువైన 40 గ్రాముల నూనె మన డబ్బాలో ఎంత? లీటరు 150 రూపాయల చొప్పున ఆరేడు రూపాయలు. మిగిలిన 23 రూపాయలు దేనికి? కొంత మంచి చేతిపనికి, కొంత ప్రకటనలకు, కొంత ఆ పేరునకు. అదియునుగాక, నూనె తగ్గించుమని వైద్యుడు ఆయనకు చెప్పి ఆరు మాసములైనది. ఎక్కువ నూనె యున్నదని ఎక్కువ వెలయిచ్చి కొని, ఆ నూనెను అరిగించుటకు సాయంకాలము నడకకు పోవుట యేమి తెలివి? ఇట్లు లెక్క రెండు ప్రక్కలకును మొగ్గినది. లెక్కలకును ఒక హద్దున్నదని ఆనాడు చూచితిమి.

దమయంతి నలుని రెండవసారి పోల్చుకొన్న సంగతి చాలమందికి జ్ఞప్తి యుండదు. రూపము మారి, పేరు మారి, బాహుకుడై వంటలవాడుగా నున్నప్పుడు, అతడు వండిన దానిని తెప్పించి రుచి చూచి, ఇది నలుని చేతి వంటయే యని యెరిగినది. కన్ను మోసపోవు చోట నాలుక మోసపోలేదు. మేమును ఆ పరీక్షయే చేయ నిశ్చయించితిమి. రెండు చిన్న గిన్నెలలో చెంచాడేసి వేసి, అడుగున గుర్తులు పెట్టి, మా వారికి, అత్తగారికి, అమ్మాయికి ఇచ్చితిమి. మేము రుచి చూడలేదు. ఏది యేదో యెరిగినవారి నాలుక సాక్ష్యమునకు పనికిరాదు.

ఉత్త చెంచాతో తిన్నప్పుడు ముగ్గురును తేడా కనిపెట్టిరి. ఒకటి వెన్నవలె నోట కరగినది. రెండవది తియ్యగా, కొంచెము జిగటగా, గంజి చల్లారినట్లున్నదని అమ్మాయి యన్నది. మా అత్తగారు వాసనతోనే చెప్పిరి. "దీనిలో పులుపు ముక్కు కెక్కుచున్నది. ఆవకాయ జాడీ కడిగిన నీళ్లవలె నున్నది" అనిరి. ఆమె తప్పినది లేదు. నలువది యేండ్లు జాడీల మూతలు తీసి వాసన చూచిన ముక్కునకు ఏ ప్రకటనయు అడ్డము రాదు.

తరువాత అవే రెండింటిని కీరదోసకాయ, మిరియపు పొడి, ఉప్పు చేర్చి రొట్టెముక్కల నడుమ పెట్టి యిచ్చితిమి. ఇప్పుడు కథ మారినది. మా వారు అంగడిదానిని గొప్పదనిరి. అమ్మాయి మొదట సరిగా చెప్పి, రెండవసారి తప్పినది, మూడవసారి "చెప్పలేను" అన్నది. అత్తగారు మాత్రము మరల సరిగానే చెప్పిరి. అయితే ఆమె యడిగినది వేరు. "ఈ పులుపుదే నాకు రొట్టెలో బాగున్నది. రెండవది చప్పగా నున్నది. ఇంకొక ముక్క తెమ్ము" అనిరి. గొప్ప సీసా వెలయడిగి, విని, "అందుకా?" అని ఊరకుండిరి.

ఆనాటి నుండి మా పద్ధతి యిట్లున్నది. బడికి కట్టియిచ్చు రొట్టెలకు, కూరగాయల తురుములో కలుపుటకు, మిరియమో వెల్లుల్లియో ఆవపిండియో చేర్చు దేనికైనను అంగడిది చాలును. ఆ ఘాటులో దాని లోపము మునిగిపోవును. వేయించిన బంగాళాదుంప ముక్కలను అద్దుకొని తినుటకు మాత్రము అంగడిది పనికిరాదు. అచ్చట దానిని దాచుటకు మరేమియు లేదు. అట్టి దినము వచ్చినప్పుడు చిన్న సీసా గొప్పది కొందుము. అట్టి దినము ఏడాదికి రెండు మూడు. అంగడి బ్రాండులన్నియు ఒక్క తీరుగా నుండవని కూడ చెప్పవలెను. నూనె ముందు వ్రాసిన అంగడి సీసా యొకటి వేరొక చోట కనబడినది. అది 80 రూపాయలు. సంగతి తెలిసినవారు అట్టిదానినే యెంచుకొందురు. మేమును నెల మొదటి వారమున నైనచో దానినే తెత్తుము.

ఇంట చేసికొనరాదా యని సోదరీమణులు అడుగుదురు. చేసికొనవచ్చును. బాగుగా చల్లబరచిన కాచిన పాలు అర గిన్నె, వాసనలేని నూనె ఒక గిన్నె, అర చెంచా ఆవపిండి, తగినంత ఉప్పు. పాలను ఎత్తైన పాత్రలో పోసి, ఆవపిండి, ఉప్పు వేసి, పైన నూనె పోసి, చేతి మిక్సీని అడుగునకు ఆనించి కదపక త్రిప్పవలెను. అడుగున తెల్లబడి చిక్కబడినప్పుడు మెల్లమెల్లగా పైకి లాగవలెను. కడపట చెంచాడు నిమ్మరసము పోసి మరల ఒక్కసారి త్రిప్పినచో బిగుసుకొనును. పాలు వెచ్చగా నున్నచో కుదురదు. మాకు మొదటిసారి కుదురలేదు. ఆ రోజు దానిని చపాతీ పిండిలో కలిపివేసితిమి. రుచికి రెండు సీసాలకంటెను మేలు. కాని ఫ్రిజ్జులో రెండు మూడు దినములకు మించి ఉంచరాదు. నూనె లెక్క చూచినచో గొప్ప సీసాకంటె నెక్కువ. మా వారికి చెప్పలేదు.

సీసా యేదైనను మూత తీసిన పిమ్మట ఫ్రిజ్జులోనే యుంచవలెను. ఎన్ని దినములలో వాడవలెనో చీటీపై వ్రాసియుండును. తడి చెంచా పెట్టరాదు. ఆవకాయ జాడీకి గల మడియే దీనికిని. గడ్డకట్టు అరలో పెట్టినచో విరిగిపోవును. పాతసీసాలోనికి క్రొత్తది మార్చుట మాత్రము, మేము చేసినట్లు, ఎవరును చేయరాదు. ఎంత కడిగినను మూత మరల సందున ఏమి యుండునో తెలియదు. అదియునుగాక, తీయవలసిన తేదీ ఒక సీసాపైనను, తినువస్తువు మరియొక సీసాలోను ఉండును. ఆ రాత్రి పిల్లల కేదైన జరిగియున్నచో వైద్యునికి ఏ సీసా చూపియుందుము? ఆ యాలోచన మాకు నాలుగు దినముల తరువాత గాని రాలేదు. వచ్చిన రాత్రి నిదుర లేదు.

లెక్కల కాగితమును, గిన్నెల పరీక్షయు చూచిన పిమ్మట అమ్మాయి ప్రశ్నకు ఉత్తరము చెప్పితిమి. "రెండును ఒకటి కావు. ఐనను నీకు రోజును పెట్టునది చెడ్డది కాదు. దాచినది మయోనైజు కొరకు కాదు, నా కొరకు" అంటిమి. "నా కొరకు కూడ గదా" అని అది యన్నది. ఇద్దరమును కొంతసేపు మాటలాడలేదు.

పోయిన ఆదివారము ఆ నలుగురు పిల్లలును మరల వచ్చిరి. ఈసారి అంగడి సీసానే, అంగడి పేరుతోనే, ఫ్రిజ్జునుండి తీసి బల్లపై పెట్టుమని అమ్మాయికి చెప్పితిమి. తీసికొనిపోయి పెట్టినది. మేము రొట్టెలు తీసికొని వెళ్లి చూతుము గదా, సీసా బల్ల నడుమనే యున్నది, పేరు మాత్రము గోడ వైపునకు తిరిగియున్నది. మేము చూచితిమని అమ్మాయి చూచినది. మేము సీసాను త్రిప్పలేదు.

కొంతసేపటికి, క్రిందటిసారి వ్రేలు నాకిన ఆ పిల్లయే మూత తీయుటకై దానిని చేతికెత్తి, చీటీ చదివి, "ఓ, మా యింటిదే!" అని రెండు చెంచాలు వేసికొన్నది.